కణం ఏమీ అడగదని ఎవరన్నారు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇది రెండో ఏడాది. మా గ్రూపులో తొమ్మిది మందిమి. ఆరు నెలలుగా ఒకే పెద్ద పని మీద ఉన్నాం. నాకు సెలవు రోజంటూ లేదు. రాత్రి నిద్ర పట్టదు, పట్టినా కలలో కూడా పైపెట్ పట్టుకునే ఉంటాను. పోయిన నెల మీటింగులో ధైర్యం చేసి, "సార్, బాగా అలసటగా ఉంది, నా పని కొంచెం పంచితే బాగుంటుంది" అన్నాను. మా గ్రూపు హెడ్ నవ్వి, "నువ్వు బయాలజీ చదివావు కదమ్మా. గ్రూపంటే ఒక శరీరం. నువ్వు అందులో ఒక కణానివి. కణం తన కోసం ఏమీ అడగదు. అడిగే కణాన్ని ఏమంటారో నీకు తెలుసు, క్యాన్సర్ అంటారు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. సైన్స్ ప్రకారం ఆయన చెప్పింది నిజమేనేమో అని భయంగా ఉంది. కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం, అవయవాలు కలిస్తే జీవి, జీవులు కలిస్తే సమూహం, ఆ పైన అడవో సముద్రమో. డబ్బాలో డబ్బా పెట్టినట్టే కదా మేం చదువుకున్నది. మరి పైన ఉన్న డబ్బాయే ఎప్పుడూ ముఖ్యమా? లోపల ఉన్నదంతా దానికోసమేనా? ఒక్కోసారి దీనికి పూర్తిగా ఎదురుగా కూడా అనిపిస్తుంది. అసలు ఉన్నవి కణాలే, శరీరం అనేది మనం పెట్టుకున్న పేరు మాత్రమేనేమో అని. ఏది నిజం మాస్టారూ? నేను స్వార్థపరురాలినా?

జవాబు: అమ్మా, నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. నువ్వు స్వార్థపరురాలివి కాదు. అలసిపోయావు, అంతే. మిగతాది కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. మీ సార్ అన్న మాటలో రెండు తప్పులున్నాయి, మధ్యలో ఒక నిజం కూడా ఉంది. ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పినవాణ్ణి, ఆ మూడింటినీ విడదీసి చూపించకపోతే నాకు మనసు ఒప్పదు.

మొదటి తప్పు, కణం ఏమీ అడగదన్నది. కణం పొద్దస్తమానం అడుగుతూనే ఉంటుంది.

ఇప్పుడే ఒక పని చెయ్యి. మోచెయ్యి బల్ల మీద గట్టిగా ఆనించి ఐదు నిమిషాలు అలాగే ఉంచు. తర్వాత ఎత్తి చూడు. నొక్కుకుపోయిన చోట చర్మం ముందు పాలిపోయి ఉంటుంది. కొన్ని క్షణాల్లో ఎర్రబడుతుంది, చుట్టుపక్కల చర్మం కంటే ఎర్రగా. ఆ ఎరుపు మెదడు పంపిన ఆజ్ఞ కాదు. రక్తం సరిగా అందని ఆ కాసేపట్లో అక్కడి కణాలు అడినోసిన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాటిని తమ చుట్టూ పోగేశాయి. ఆ పోగు తగిలితే పక్కనున్న సన్న రక్తనాళం గోడ సడలుతుంది. రక్తం మామూలు కంటే ఎక్కువగా వచ్చి పడుతుంది. బాకీ తీరాక నాళం మళ్లీ బిగుసుకుంటుంది, ఎరుపు తగ్గుతుంది. పరుగెత్తేటప్పుడు కాళ్ల కండరాల్లో జరిగేదీ దాదాపు ఇదే. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లోని కండరాలన్నిటికీ కలిపి నిమిషానికి సుమారు 1 లీటరు రక్తం వెళ్తుంది. బాగా శ్రమించేటప్పుడు అది 15, 20 లీటర్ల దాకా పెరుగుతుంది. గుండె వేగం పెంచడానికి మెదడు కావాలి, నిజమే. కానీ పెరిగిన ఆ రక్తంలో ఏ కండరానికి ఎంత అన్నది చాలా వరకు అక్కడి కణాలే అడిగి తీసుకుంటాయి.

దూరం నుంచి అడిగేవీ ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గితే కిడ్నీలోని కొన్ని కణాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది ఎముక మజ్జకు చేరి, ఎర్ర రక్త కణాలు ఇంకా కావాలని చెబుతుంది. మజ్జ మామూలుగానే సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్ర కణాలు తయారు చేస్తుంది. ఈ విన్నపం అందగానే ఆ వేగం పెంచుతుంది. తనకు ఆక్సిజన్ చాలడం లేదని కణానికి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకే 2019లో విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కమాటలో చెప్పాలంటే, కణం ఎలా అడుగుతుందో చెప్పినందుకు వచ్చిన బహుమతి అది.

అడిగిన మాట వినపడకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా అన్నయ్యకు చాలా ఏళ్లుగా షుగర్. ఒకరోజు సాయంత్రం బూటు విప్పితే లోపల నుంచి చిన్న స్క్రూ జారి కింద పడింది. పొద్దున్నుంచీ దాని మీదే నడిచాడు. సాక్సు తడిగా ఉంటే చెమట అనుకున్నాడు. బొటనవేలి కింద పుండు పడింది, మానడానికి నెలలు పట్టింది. ఆ పాదంలోని కణాలు అడగడం మానెయ్యలేదమ్మా. వాటి మాట మోసుకెళ్లే నరాలు దెబ్బతిన్నాయి. పాదం చితికిపోతుంటే ఆయన ఆ రోజంతా హాయిగా ఉన్నాననే అనుకున్నాడు. ఆ స్క్రూని నేను చాలాకాలం పారెయ్యలేకపోయాను. ఏ భాగమూ ఫిర్యాదు చెయ్యని శరీరం ఆరోగ్యంగా ఉందని ఎవరైనా అంటే నాకు ఆ సాక్సే గుర్తొస్తుంది.

ఇక మీ సార్ మాటలోని నిజానికి వస్తాను. కణం మొత్తం కోసం చచ్చిపోతుంది. ఇది నిజం, చిన్న నిజం కూడా కాదు. గర్భంలో ఉండగా నీ చేతి వేళ్ల మధ్య పలచని పొర ఉండేది, అక్కడి కణాలు తమంతట తాము చనిపోబట్టే వేళ్లు విడివిడిగా వచ్చాయి. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగులో దీన్ని లెక్కతో సహా చూశారు. అది ఎదిగే క్రమంలో 1,090 శరీర కణాలు పుడతాయి, వాటిలో సరిగ్గా 131 చనిపోతాయి, 959 మిగులుతాయి. ఏ పురుగులో చూసినా అవే కణాలు, ఇంచుమించు అదే సమయానికి. ఈ పని మీద 2002లో సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్‌స్టన్‌లకు నోబెల్ ఇచ్చారు. ఇలాంటి చావుకు 1972లోనే అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఆకు రాలడం అని ఆ గ్రీకు మాటకు అర్థం.

అయితే ఈ త్యాగం ఒక షరతు మీద నిలబడి ఉంది. మీ సార్ ఆ షరతును వదిలేశారు.

షరతు ఏమిటో తెలియాలంటే డిక్టియోస్టీలియం అనే మట్టి అమీబాను చూడాలి. మట్టిలో బాక్టీరియా తింటూ ఏ కణానికా కణం విడిగా బతుకుతుంది. తిండి అయిపోయిందా, ఆకలిగొన్న కణం ఒక రసాయనం వదులుతుంది. దాన్ని పసిగట్టిన పక్క కణం అటువైపు కదులుతూ తనూ అదే వదులుతుంది. అలా వేల కణాలు, ఒక్కోసారి లక్ష దాకా, వాగుల్లా పారుతూ ఒకచోట చేరతాయి. చేరి ఒక చిన్న జలగలాంటి రూపం తీసుకుని, వెలుతురు ఉన్న వైపుకు పాక్కుంటూ వెళ్తాయి. అనువైన చోట ఆగి నిలువుగా లేస్తాయి. సుమారు ఐదో వంతు కణాలు సన్నటి కాడగా మారి అలాగే చనిపోతాయి. మిగతావి ఆ కాడ ఎక్కి, కొసన బీజాలై, కొత్త చోటుకు వెళ్లి బతుకుతాయి. మొదటిసారి మైక్రోస్కోప్‌లో ఆ కాడను చూసినప్పుడు నేను చాలాసేపు కళ్లు తియ్యలేదు. ఐదింట ఒక వంతు, మిగతావాటికి నిచ్చెన అయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. చేరిన కణాలన్నీ ఒకే వంశానివైతే, అంటే ఒకే కణం నుంచి పుట్టినవైతే, కాడలో చనిపోయిన కణం జన్యువులే బీజంలోనూ ఉంటాయి. అది పోయినా, దానిది పోలేదు. కానీ వేర్వేరు వంశాల కణాల్ని కలిపి చూస్తే మోసం మొదలవుతుంది. కొన్ని వంశాలు కాడకు తక్కువ కణాల్నిచ్చి, బీజాల్లో ఎక్కువ చోటు పట్టేస్తాయి. నిచ్చెన వేరేవాళ్లు, ఎక్కేది తాము. మన శరీరం ఈ ఇబ్బందిని తప్పించుకుంది, ఎందుకంటే అది ప్రతిసారీ ఒక్క కణంతో మొదలవుతుంది. నీ వేళ్ల మధ్య చనిపోయిన కణానికీ బతికిన కణానికీ జన్యువుల్లో తేడా లేదు. కాబట్టి అక్కడ త్యాగం అనే మాట కూడా పూర్తిగా సరిపోదేమో.

తేనెటీగల్లోకి వచ్చేసరికే లెక్క మారుతుంది. రాణి చాలా మగ ఈగలతో కలుస్తుంది, అందుకని పనిచేసే ఈగల్లో ఎక్కువ మంది సవతి అక్కచెల్లెళ్లు. వాటిలో కొన్ని దొంగతనంగా గుడ్లు పెడతాయి, మిగతావి వాటిని వెతికి తినేస్తాయి. ఎంతో క్రమశిక్షణ ఉందని మనం మెచ్చుకునే పట్టులో కూడా కాపలా లేకుండా ఐక్యత నడవదు. మీ గ్రూపులో తొమ్మిది మందివీ తొమ్మిది జీవితాలు, తొమ్మిది భవిష్యత్తులు. నీ ఆరోగ్యం పాడైతే అది ఇంకొకరి ఒంట్లో బతకదు. ఒకే జన్యువులున్న కణాల మీద పెట్టిన నియమాన్ని తెచ్చి నీ మీద పెట్టడం సైన్స్ కాదు. శరీరం తన కణాన్ని అడగగలిగినదాన్ని, మనుషుల గుంపు ఒక మనిషిని అడగడానికి వీల్లేదు.

ఇక రెండో తప్పు. అడిగే కణమే క్యాన్సర్ అన్నారు కదా. నాకు బాగా బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే ఇది తలకిందులు.

కణం విభజన చెందే ముందు తన డీఎన్‌ఏ దెబ్బతిందా అని చూసుకుంటుంది. దెబ్బతింటే పి53 అనే ప్రొటీన్ పోగవుతుంది. అది పోగయ్యాక కణం పని ఆపేస్తుంది. అవునమ్మా, ఆపేస్తుంది. విభజన మధ్యలో నిలిపి, దెబ్బతిన్న చోటు బాగుచేసుకోవడానికి సమయం తీసుకుంటుంది. బాగుపడితే మళ్లీ పనిలో దిగుతుంది. బాగుపడనంత దెబ్బైతే విభజనకు శాశ్వతంగా దూరంగా ఉండిపోతుంది, లేదా చనిపోతుంది. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పి53ని తయారుచేసే జన్యువే చెడిపోయి ఉంటుంది. అంటే ఆగడం చేతకాని కణం అది. ఒళ్లు చితికినా పని ఆపని కణం, పక్కవాళ్లు ఆగమన్నా వినని కణం. ఏనుగుకు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కణాలున్నాయి, ఆ లెక్కన క్యాన్సర్ కూడా ఎక్కువ రావాలి, కానీ అలా ఎక్కువ రాదు. దాని జన్యువుల్లో పి53కి 20 ప్రతులున్నాయని 2015లో తేలింది, మనకు ఉన్నది ఒకటే. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జతలుగా లెక్కిస్తే మనకు 2, ఏనుగుకు 40. అంత పెద్ద ఒళ్లు అంతకాలం నిలబడటానికి, తన కణాలకు ఆగే అవకాశాన్ని ఎక్కువ చేసుకోవడం ఒక కారణం కావచ్చని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

"అలసిపోయాను, కొంచెం పంచండి" అని నువ్వన్నావు. జీవశాస్త్రంలో దానికి పోలిక వెతకాలంటే అది పి53 చేసే పని.

ఇప్పుడు నీ ఇంకో అనుమానం, ఉన్నవి కణాలే, శరీరం ఉత్త పేరేనా అన్నది. దీనికి నేను కళ్లతో చూసినది ఒకటి చెబుతాను. వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్లు ఒక ల్యాబ్‌లో పనిచేశాను. కోడి పిండం గుండెను విడదీసి, కణాల్ని గాజు గిన్నెలో ద్రవంలో వేసి పెట్టేవాళ్లం. మర్నాడు చూస్తే అడుగున అతుక్కుని ఒక్కో కణం విడిగా కొట్టుకుంటూ ఉండేది. ఒకటి తీరిగ్గా, దాని అవతలది గబగబా, మూలనున్నది రెండుసార్లు కొట్టుకుని కాసేపు ఆగి. ఎవరి లయ వాళ్లది. ఇంకో రోజు గడిచేసరికి కణాలు సాగి, అంచులు ఒకదానికొకటి తగిలేవి. తగిలిన రెండూ కాసేపటికి ఒకే లయలో కొట్టుకునేవి. తర్వాత నాలుగు, తర్వాత గిన్నె అడుగున ఒక పొర మొత్తం ఒక్కసారిగా ముడుచుకుని సాగేది. తగిలిన చోట కణాల మధ్య సన్నటి దారులు ఏర్పడతాయి, వాటిగుండా విద్యుదావేశమున్న అయాన్లు ఇటూ అటూ పోతాయి, అందుకే అలా కలుస్తాయి. ఇది పుస్తకంలో అప్పటికే చదివాను. అయినా ఆ పొద్దున నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఆ ఉమ్మడి లయ ఏ ఒక్క కణంలోనూ లేదు. కణాల్ని తీసేస్తే మిగిలేదీ కాదు. అవి తగులుకున్న తీరులో ఉంది. కాబట్టి మొత్తం అనేది ఉత్త పేరు కాదు. అదే సమయంలో, లయ కలవడం కోసం ఏ కణమూ తన కొట్టుకోవడం మానుకోలేదు. మానుకుంటే కలవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు.

మొత్తానికి భాగం మీద ఎంత బలం ఉంటుందో చెప్పే ప్రయోగం ఇంకొకటి ఉంది. రౌస్ సార్కోమా వైరస్ కోడికి ఎక్కిస్తే కణితి వస్తుంది. డేవిడ్ డోల్‌బర్గ్, మీనా బిస్సెల్ 1984లో దాన్ని కోడి పిండానికి ఎక్కించారు. వైరస్ కణాల్లోకి వెళ్లింది, దాని జన్యువు పనిచేస్తూనే ఉంది, అయినా పిండంలో కణితి పుట్టలేదు. అవే కణాల్ని బయటికి తీసి గిన్నెలో వేస్తే కొద్ది సమయంలోనే క్యాన్సర్ కణాల్లా మారిపోయాయి. కణం లోపల ఏముందన్నది ఎంత ముఖ్యమో, దాని చుట్టూ ఏముందన్నదీ అంతే ముఖ్యం. మంచి పరిసరం చెడ్డ జన్యువును కూడా కొంతకాలం పట్టి ఉంచగలదు. చుట్టూ ఉన్న కణాలు "ఉండు" అని సంకేతాలు పంపుతుంటేనే శరీరంలోని చాలా కణాలు బతుకుతాయని, ఆ సంకేతాలు ఆగితే తమంతట తాము చనిపోతాయని 1990ల మొదట్లో మార్టిన్ రాఫ్ వాదించాడు, అది నిలిచింది. ఇందులో నన్ను కదిలించేది ఏమిటంటే, కణం బతకాలంటే ఎవరో ఒకరు దానికి ఆ మాట చెబుతూ ఉండాలి. భాగం నుంచి తీసుకోవడమే మొత్తం పని అనుకుంటే ఈ సగం కనపడదు.

డబ్బాలో డబ్బా అన్నావే, ఆ బొమ్మ కూడా మార్చుకోవాలి. నీ కణాల్లో, ఎర్ర రక్త కణాల్లాంటి కొన్ని తప్ప, అన్నిటిలోనూ మైటోకాండ్రియాలున్నాయి. అవి ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. నూరు కోట్ల ఏళ్లకు ఎంతో ముందు వేరే కణంలో చేరి అక్కడే ఉండిపోయాయి. లిన్ మార్గులిస్ 1967లో ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. ఈ రోజుకీ వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది, మనిషిలో 37 జన్యువులు. వాటికి కావాల్సిన ప్రొటీన్లలో 13 మాత్రమే తాము తయారు చేసుకుంటాయి, మిగతా వెయ్యికి పైగా కణ కేంద్రకం నుంచి రావాలి. బదులుగా కణానికి శక్తి ఇస్తాయి. ఇంకో విచిత్రం కూడా ఉంది. కణం చావాలా వద్దా అన్న నిర్ణయంలో ఈ మైటోకాండ్రియాలకు పెద్ద పాత్ర ఉంది, అవి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్‌ను బయటికి వదిలితే కణం పని అయిపోయినట్టే. అన్నిటికంటే లోపలి డబ్బా, బయటి డబ్బా తాళం పట్టుకుని కూర్చుంది.

తన లోపలివాటికి తనే మొత్తం, తన పైదానికి తను భాగం. ఇలా రెండు వైపులా ముఖమున్న వాటిని ఆర్థర్ కోస్లర్ అనే రచయిత అదే 1967లో హోలాన్ అన్నాడు. నాకు ఆ మాట ఇష్టం. కణమైనా, గుండె అయినా, నువ్వైనా, ఒక ముఖం మాత్రమే ఉన్నట్టు ఎవరు మాట్లాడినా అది సగం మాటే.

అడవి, సముద్రం సంగతి తొందరగా చెబుతాను, అది వేరే ఉత్తరానికి సరిపడా విషయం. అమెరికా పశ్చిమ తీరంలో రాబర్ట్ పేన్ అనే శాస్త్రవేత్త ఒక రాతి గట్టు మీది సముద్ర నక్షత్రాల్ని ఏరి దూరంగా విసిరేస్తూ వచ్చాడు. అవి తినే నల్లటి గుల్లజీవులు అడ్డూ అదుపూ లేకుండా పెరిగి గట్టంతా ఆక్రమించాయి. అక్కడ 15 జాతులుండేవి, 8కి పడిపోయాయని 1966లో రాశాడు. ఒక భాగం పోతే మొత్తం ఎలా మారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ ఆ సముద్ర నక్షత్రం గట్టు మేలు కోసం గుల్లల్ని తినలేదు, తన ఆకలి కోసం తిన్నది. ఆవరణ వ్యవస్థ ఒక్క గుడ్డులోంచి పుట్టలేదు, దానికి ఉమ్మడి జన్యువులు లేవు, దానికోసం ఏ జీవీ చనిపోదు. కణాల్ని శరీరంగా కలిపే జిగురు ఒకటి, ఈగల్ని పట్టుగా కలిపేది ఇంకొకటి, అడవిని నిలిపేది మరొకటి. అంతస్తు మారితే నియమం మారుతుంది. కింది అంతస్తు నియమాన్ని పైకి మోసుకెళ్లి "ప్రకృతి ఇలా చెప్పింది" అనేవాళ్లతో జాగ్రత్తగా ఉండు.

మనుషుల గుంపుకు ఇంకో పెద్ద తేడా ఉంది. కిడ్నీ కణం ఒక్క కిడ్నీకే చెందుతుంది. నువ్వు ఒకేసారి ఒకరికి కూతురివి, ఒకరికి స్నేహితురాలివి, ఒక గ్రూపులో పరిశోధకురాలివి, నీ ఒంట్లోని ముప్పై లక్షల కోట్ల కణాలకు నువ్వే మొత్తానివి. మీ గ్రూపు ఈ జాబితాలో ఒకటి, మొత్తం జాబితా కాదు. కావాలనుకుంటే నువ్వు అందులోంచి బయటికి వచ్చి బతకగలవు, కిడ్నీ కణానికి ఆ వీలు లేదు. నీ కణాలకు నువ్వే మొత్తానివి అన్న మాట కూడా గుర్తుంచుకో. ఈ నెలంతా నిద్ర లేకుండా ఉన్న ఆ కణాలు నిన్ను అడుగుతున్నాయి, వాటి మాట వినాల్సింది నువ్వే.

ఇక ఏం చెయ్యాలో చెబుతాను. మీ సార్‌తో ఈ పోలిక మీద వాదనకు దిగకు. అందరి ముందూ అస్సలు వద్దు, ఆయన తన మాట నిలబెట్టుకోవాలని చూస్తారు. విడిగా టైమ్ అడుగు. వెళ్లేముందు ఒక కాగితం మీద పోయిన నాలుగు వారాల్లో రోజుకు ఎన్ని గంటలు పనిచేశావో, ఏ ఏ పనులో రాసుకో. అందులో వేరేవాళ్లు చెయ్యగలిగేవి రెండు గుర్తుపెట్టు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు కావాలని స్పష్టంగా రాసుకో. కిడ్నీ కణం "నాకు కష్టంగా ఉంది" అని ఊరుకోదమ్మా, ఏది తక్కువైందో, ఏం కావాలో పంపుతుంది. పోయిన మీటింగులో నువ్వు మొదటిది చెప్పావు, రెండోది చెప్పే అవకాశం ఆయన ఇవ్వలేదు.

ఆ రోజు నవ్విన ఎనిమిది మందిలో ఒకరితోనైనా ముందు మాట్లాడు. నువ్వు కూడా నవ్వావు కదా, వాళ్ల నవ్వు వెనకాల ఏముందో నీకు తెలియదు. ఇద్దరు ముగ్గురు అదే మాట చెబితే అది ఒక మనిషి బలహీనత అనడం కష్టం. ఆయన అప్పటికీ వినకపోతే, ఆయన పైన కూడా ఎవరో ఒకరు ఉంటారు, పరిశోధక విద్యార్థుల గోడు వినే కమిటీ ఉంటుంది, గైడ్‌ను మార్చుకునే దారీ ఉంటుంది. వాటి వివరాలు ఇప్పుడే కనుక్కుని పెట్టుకో. అవసరం పడకపోవచ్చు, కానీ తలుపు ఎక్కడుందో తెలిస్తే గదిలో ఊపిరి ఆడుతుంది. నిద్ర మాత్రం మీటింగు దాకా ఆగనక్కర్లేదు. నెల దాటింది కాబట్టి ఈ వారమే డాక్టర్‌కు చూపించుకో.

ఆయన్ని కలిశాక ఏమన్నారో నాకు రాయి. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఆయన్ని కూడా ఎవరో ఎప్పుడో కణం అని ఉంటారు. వీలైతే ఈ ఉత్తరం ఆయనకూ చూపించు, పి53 గురించి రాసిన చోటైనా.